తల్లి అభిప్రాయం నిమిత్తం

ఉమాకాంతం గారు ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వోద్యోగం చేశారు. అందులో సగానికి పైగా, ఇతరులు నింపిన కాగితాల్లో ఖాళీగా వదిలిన గడులు వెతకడంలోనే గడిచిపోయింది. ఖాళీ గడి కనపడితే ఆయనకి అన్నంలో రాయి తగిలినట్టుండేది. వెంటనే ఆ కాగితాన్ని ‘అభిప్రాయం నిమిత్తం అసలు ప్రతితో సహా తిప్పి పంపడమైనది’ అని రాసి, వచ్చిన చోటికే పంపేసేవారు. ఆఫీసులో ఆయన్ని ‘తిప్పుడు ఉమాకాంతం’ అనేవాళ్ళు. అది బిరుదని ఆయన చాలాకాలం నమ్మారు.

భార్య వకుళ మాత్రం, "మీరు వాన కురిస్తే వానకి కూడా రసీదు అడిగే మనిషండీ" అనేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆ మాట నిజమేనని ఆయన ఇప్పుడు ఒప్పుకుంటారు. ఒప్పుకున్న విషయం వినడానికి ఆమె లేదు. అలవాటూ పోలేదు.

ఆయన పనిచేసింది జీవకారుణ్య శాఖలో. అలాంటి శాఖ ఒకటుందని అందులో జీతం తీసుకునేవాళ్ళకి తప్ప మరెవరికీ తెలియదు. ఆ శాఖ వారి పాత దాణా గోదాము సరిగ్గా ఆయన ఇంటికి ఎదురుగానే ఉంది. తాళం తుప్పు పట్టిపోయింది. గోడకి పైన, పన్నెండడుగుల ఎత్తులో, ఒక ఇటుక ఊడిపోయిన కన్నం ఉంది. గోడనీడన పోలమ్మ ఇస్త్రీ బండి పెట్టుకుంటుంది. ఆమె మొగుడు సింహాద్రి గోడలకి సున్నాలు వేస్తాడు. అతని నిచ్చెన ఎప్పుడూ ఆ గోడకే ఆనించి ఉంటుంది.

మార్చి నెల ఇరవై ఐదో తారీకు ఉదయం ఉమాకాంతం గారు మంకీ క్యాప్ పెట్టుకుని నడకకి బయలుదేరారు. మార్చిలో మంకీ క్యాప్ ఏమిటని అడిగే మనిషి లేదు గనక పెట్టుకుంటున్నారు. గోదాము గోడ దగ్గర నాలుగు కాకులు దేన్నో చుట్టుముట్టి పొడుస్తున్నాయి. గొడుగు ఝళిపిస్తూ వెళ్ళి వాటిని తోలేశారు. నేలమీద బూడిదరంగు నూగుతో పిడికెడు గూబపిల్ల. ఒక కన్ను మూసుకుంది, రెండోది సగం తెరిచి ఉంది. చేతిలోకి తీసుకుంటే ఒళ్ళంతా చల్లగా ఉంది, గుండె మాత్రం గబగబా కొట్టుకుంటోంది. నాలుగేళ్ళలో తన చేతిలో మరో ప్రాణి గుండె కొట్టుకోవడం ఆయనకి అదే మొదలు.

"ఏటి బాబూ అది, గూబపిల్లా?" పోలమ్మ ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు విసురుతూ అడిగింది.

"అవును పోలమ్మా. పడిపోయింది పాపం."

"అదిగో, ఆ కన్నంలోంచే పడుంటాది. దీని తల్లి సందేళ అక్కడే కూకుని అరుత్తాది. ఓ మావా, నిచ్చెన ఎక్కి ఆ పిల్లని కన్నంలో పెట్టెయ్యి. కాకులు మళ్ళీ వత్తాయి."

సింహాద్రి బీడీ పారేసి లేచాడు. మొత్తం అయిదు నిమిషాల పని.

ఇంత సులువుగా అయిపోయే పని సక్రమమైనది అయ్యుండదని ఉమాకాంతం గారి ముప్పై నాలుగేళ్ళ అనుభవం హెచ్చరించింది.

"ఆగు సింహాద్రీ," అన్నారు. "గోడ చూస్తే ప్రభుత్వానిది. పిల్ల చూస్తే అడవి ప్రాణి. మధ్యలో నీ నిచ్చెన ప్రైవేటుది. రేపు ఏదైనా మాట వస్తే?"

"ఎవులంతారు బాబూ మాట? గూబా?"

"నీకు తెలీదు. ఓ ముక్క రాసి పడేస్తే మంచిది."

ఆయన ఇంటికి వెళ్ళి, గూబపిల్లని మంకీ క్యాప్‌లో పెట్టి, పక్కనే వేణ్ణీళ్ళ సీసా ఒకటి ఆనించి, కార్బన్ కాగితం వేసి అర్జీ రాశారు: గోడకి నిచ్చెన వేసుకొనుటకు అనుమతి కోరుతూ. అది రాసినందుకు ఆ తరువాత మూడు రోజులూ ఆయన తనని తాను తిట్టుకున్నన్ని తిట్లు వకుళ ముప్పై ఏళ్ళ కాపురంలోనూ తిట్టలేదు.

*

శాఖలో ఆ నెల ‘కారుణ్య మాసం’ జరుగుతోంది. ప్రతి ఆఫీసూ ముప్పై ఒకటో తారీకులోగా పన్నెండు నిరాశ్రయ ప్రాణులని రక్షించాలని పైనుంచి లక్ష్యం వచ్చింది. ఈ ఆఫీసు వాళ్ళు ఇరవై ఐదో తారీకుదాకా ఒక్కదాన్నీ రక్షించలేదు. ఒకసారి బస్టాండు దగ్గర ఒక గేదెని రక్షించబోయారు గాని, దానికి యజమాని ఉన్నాడని అతను కర్ర పట్టుకొచ్చాక తెలిసింది.

అందుచేత అర్జీ చదివిన సహాయ సంచాలకులు భానోజీరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఉమాకాంతం గారూ! మీరు తెచ్చింది పక్షి కాదు. ఈ కార్యాలయం యొక్క ప్రగతి!"

"సార్, నేనడిగింది నిచ్చెన..."

"నిచ్చెనా? అంటే తిరిగి పెట్టేస్తారా?" ఆయన ముఖం పాలిపోయింది. "ఒక లబ్ధిదారుణ్ణి పథకం పరిధిలోంచి తొలగించే అధికారం మీకూ లేదు, నాకూ లేదు. కమిషనర్ గారు ముప్పై ఒకటిన స్వయంగా వేంచేస్తున్నారు. అంతవరకూ సదరు పిల్ల మీ తాత్కాలిక సంరక్షణలో ఉండవలసిందిగా ఆదేశిస్తున్నాను. నూకరత్నం గారూ, దరఖాస్తు నమూనా తీసుకురండి."

నూకరత్నం జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు ఉమాకాంతం గారి దగ్గరే పని నేర్చుకుంది. ఇప్పుడు సీనియర్ అసిస్టెంటు. కాగితం తెచ్చి బల్లమీద పెట్టి, గొంతు తగ్గించి, "నమూనా-బి గురువుగారూ. మీరు తయారు చేసిందే," అంది.

నిజమే. పంతొమ్మిదేళ్ళ కిందట, ఊరిమీద తిరిగే పశువుల కోసం ఆయన పదిహేడు గడులతో ఆ నమూనా తయారుచేశారు. అప్పటి అధికారి భుజం తట్టి, ఇక దీన్ని మార్చే అవసరం రాదన్నారు. రాలేదు. అడుగున నల్లటి అక్షరాల్లో ఆయన రాసిన వాక్యమే ఉంది: ‘ఏ గడిని ఖాళీగా వదలరాదు.’

ఉమాకాంతం గారు కళ్ళజోడు సవరించుకుని తన సృష్టిని నింపడం మొదలుపెట్టారు. కొమ్ముల వంపు: కొమ్ములు లేవు. తోక కుచ్చు: కలదు. ఈతల సంఖ్య: లేదు. దినసరి పాల దిగుబడి దగ్గర ‘ఇవ్వదు’ అని రాయబోతే నూకరత్నం చేయి అడ్డుపెట్టింది.

"‘ప్రస్తుతం ఇవ్వడం లేదు’ అని రాయండి. ఎప్పటికీ ఇవ్వదని రాస్తే డాక్టరు ధ్రువపత్రం అడుగుతారు."

నాలుగో గడి: ‘తల్లి లేక యజమాని అభిప్రాయం.’ అక్కడ కలం ఆగిపోయింది. "అది ప్రస్తుతానికి వదిలేయండి, తరువాత చూద్దాం" అన్నారు భానోజీరావు గారు, విశాల హృదయంతో.

ఆ సాయంత్రం అటెండరు రిక్షాలో అయిదు కిలోల ఎండుగడ్డీ కిలోన్నర తవుడూ తెచ్చి వరండాలో పడేసి సంతకం అడిగాడు. నమూనా-బి ప్రకారం ఒక ప్రాణికి ఒక రోజు మేత అంత. ఆ కొలత కూడా ఉమాకాంతం గారు పెట్టిందే.

"ఇది గడ్డి తినదయ్యా."

"తినదని మీరు రాసిస్తే మేత నిరాకరించిన కేసవుద్దండి. దానికి వేరే ఫారం ఉంది. తెమ్మంటారా?"

ఆయన సంతకం పెట్టేశారు. పోలమ్మ మేక అదృష్టం పండింది.

*

గూబపిల్లకి మాంసం కావాలి. ఉమాకాంతం గారు పుట్టి బుద్ధెరిగి మాంసం దుకాణం మెట్టెక్కలేదు. మర్నాడు పొద్దున్నే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మస్తాను దుకాణం ముందు నిలబడ్డారు.

మస్తాను కత్తి దించాడు. "మీరేంటండీ మేష్టారూ, మా దుకాణానికి!" ఇస్త్రీ బట్టలు వేసుకున్న ప్రతివాణ్ణీ అతను మేష్టారనే అంటాడు.

"నాకు కాదు బాబూ. గూబపిల్లకి, కొంచెం కోడి కార్జం."

"అలాగేనండి," అని అతను సానుభూతిగా నవ్వాడు. "మొదట్లో అందరూ ఇలాగే ఏదో ఒకటి చెబుతారండి."

కాని నిజంగానే గూబపిల్లకని తెలిశాక, కొనడానికి వచ్చినవాళ్ళని నిలబెట్టి మరీ, గోరంత గోరంత ముక్కలు కోసి అరిటాకులో చుట్టిచ్చాడు. పెద్ద ముక్కయితే పిల్ల గొంతుకి అడ్డం పడుతుందని అతనే చెప్పాడు. జీవకారుణ్య శాఖలో ముప్పై నాలుగేళ్ళు చేసిన ఉమాకాంతం గారికి ఆ సంగతి తెలియదు.

వకుళ బీరువాలో కనుబొమలు తీర్చుకునే చిన్న పట్టకారు ఉంది. నాలుగేళ్ళుగా ఆ సొరుగు ఆయన తెరవలేదు. ఆ రోజు తెరిచారు. పట్టకారుతో ముక్క పట్టుకుని పిల్ల ముక్కు దగ్గర ఆడిస్తే, అది కళ్ళు మూసుకునే నోరు తెరిచి గుటుక్కున మింగింది. ఆయన గబుక్కున తలుపు వైపు తిరిగి, "చూశావా!" అన్నారు. గుమ్మంలో ఎవరూ లేరు. ఆ మాట ఎవరితో అన్నారో తెలిసి, పట్టకారుతో ఇంకో ముక్క అందుకున్నారు.

పిల్లని తూచడానికి ఆయన దగ్గర ఉత్తరాలు తూచే చిన్న త్రాసు ఉంది. మొదటి రోజు ఎనభై నాలుగు గ్రాములు. రెండో రోజు ఎనభై. తిన్నది కదా, ఎందుకు తగ్గిందో అర్థం కాలేదు.

సాయంత్రం అర్థమైంది. పొద్దు గూకుతుండగా గోదాము గోడమీద తల్లిగూబ వచ్చి కూర్చుని కీచుమని పిలిచింది. మంకీ క్యాప్‌లోంచి పిల్ల తల పైకెత్తి, ఉన్న బలమంతా కూడదీసుకుని బదులు అరిచింది. నోట్లో పెట్టిన ముక్క బయటపడింది. అలా తల్లి పిలవడం, పిల్ల పలకడం. మధ్యలో ఒక వీధి, ఒక ఆదేశం.

"ఇంట్లో గూబ దూరితే ఆర్నెల్లు ఇల్లు ఒగ్గేసి పోవాలంతారు బాబూ," అంది పోలమ్మ ఇస్త్రీ చేసిన చొక్కాలు ఇస్తూ.

"దూరలేదు పోలమ్మా. నేనే తెచ్చి, రసీదు తీసుకుని పెట్టుకున్నాను."

"మీ టోపీలో మీకన్నా అదే బాగుంది," అని, తొంగి చూసి, మాట మార్చింది. "కాని సిక్కిపోతంది బాబూ. బతకదు. ఆ నిచ్చెన ఇంకా అక్కడే ఉంది."

"కమిషనర్ గారు వచ్చి వెళ్ళేదాకా..."

"ఆరొచ్చీసరికి ఇదుంటాదేటి?"

అప్పుడెందుకో ఆయనకి ఒక ముసలమ్మ గుర్తొచ్చింది. ఎప్పుడో, తన కుంటి ఎద్దుకి మందు కోసం అర్జీ పెట్టుకుంది. ఒక గడి ఖాళీ ఉందని ఆయన నాలుగుసార్లు తిప్పి పంపారు. నాలుగుసార్లూ ఆరు మైళ్ళు నడిచొచ్చింది. ఐదోసారి రాలేదు. వ్యవహారం ముగిసిందనుకుని ఆయన ఫైలు మూసేశారు. ఎద్దు ఏమైందో రాసే గడి నమూనాలో లేదు.

*

మూడో రోజు పదకొండింటికి భానోజీరావు గారు తనిఖీకి వచ్చారు. వెంట ఫోటో తీసేవాడు, అటెండరు, నూకరత్నం, ఒక ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో భానోజీరావు గారు రెండు చేతులూ చాచి ఉన్నారు. చేతుల మధ్య గూబపిల్ల బొమ్మ దొరక్క చిలకని అచ్చు వేయించారు.

పిల్ల నిద్రపోతోంది.

"కళ్ళు తెరిపించండి," అన్నారు భానోజీరావు గారు. "కళ్ళు మూసుకున్న లబ్ధిదారుని ఫోటోని పోర్టల్ స్వీకరించదు."

"పగలు తెరవదు సార్. గూబ కదా."

"కార్యాలయ వేళల్లో సహకరించని లబ్ధిదారుల విషయంలో ప్రభుత్వం ఏమీ చేయజాలదు." ఆయన వంగి, పిల్లతోనే చెప్పారు. "మేము నీ మేలు కోసమే వచ్చాం సుమా."

ఫోటో తీసేవాడు ముఖం మీద లైటు వేశాడు. పిల్ల వణికిపోయి క్యాప్ అంచులోకి దూరింది. ఉమాకాంతం గారు తనకు తెలియకుండానే లైటుకి అడ్డంగా నిలబడ్డారు. పై అధికారికి అడ్డంగా నిలబడడం ఆయనకి జీవితంలో అదే మొదటిసారి.

భానోజీరావు గారు అది గమనించలేదు. నమూనా చూస్తున్నారు. "తొమ్మిదో గడి: ‘చెవి బిళ్ళ సంఖ్య.’ బిళ్ళ వేశారా?"

అటెండరు సంచీలోంచి పసుపురంగు ప్లాస్టిక్ బిళ్ళ తీశాడు. గేదె చెవికి వేసేది. పిల్ల ముఖం కన్నా పెద్దది. దానితో పాటు చెవిని పొడిచే పటకారు.

"దీనికి చెవులు కనపడవు సార్," అన్నారు ఉమాకాంతం గారు.

"చెవులు లేవా?" భానోజీరావు గారు కాసేపు ఆలోచించారు. "చెవి లేకపోవడం ప్రాణి యొక్క లోపం. బిళ్ళ లేకపోవడం కార్యాలయం యొక్క లోపం. మనం సరిదిద్దుకోవలసింది రెండోదాన్నే కదా. రెక్కకి వేయించండి. రేపు ఉదయం పదకొండు గంటలకి. కమిషనర్ గారు వచ్చేసరికి గాయం మానిపోతుంది."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఉమాకాంతం గారు పిల్లని తూచారు. డెబ్భై ఏడు గ్రాములు. తొమ్మిదో గడి వంక చూశారు. ఆ గడి పెట్టమని ఎవరూ అడగలేదు. పదహారు గడులైతే బేసిగా లేదని, అందం కోసం ఆయనే ఒకటి కలిపారు.

రాత్రికి రాత్రి పిల్లని కన్నంలో పెట్టేద్దామన్న ఆలోచన రాకపోలేదు. కాని బిళ్ళ వేయడానికి వచ్చినవాళ్ళు నిచ్చెనెక్కి కన్నంలో చేయి పెడతారు. అప్పుడు పిల్లా దక్కదు, గూడూ దక్కదు. ఈ శాఖ చేతిలోంచి దేన్నైనా విడిపించాలంటే శాఖ చేతే విడిపించాలి. శాఖ ఏది విడిచిపెడుతుంది? ఆయన చాలాసేపు ఆలోచించి, చివరికి తన మొత్తం ఉద్యోగ జీవితంలో తనకి బాగా వచ్చిన ఒకే ఒక్క పని గుర్తుకు తెచ్చుకుని, కార్బన్ కాగితం తీశారు.

*

మర్నాడు పదింపావుకి ఉమాకాంతం గారు నూకరత్నం బల్ల దగ్గర నిలబడ్డారు. నోట్ చదివి ఆమె తల పైకెత్తింది. ఆమె కళ్ళలో నవ్వుందో, తడుందో ఆయనకి తెలియలేదు.

"గురువుగారూ, మీకింకా చేయి తిరిగే ఉంది."

నోట్‌లో ఉన్నది ఇంతే: నిరాశ్రయ ప్రాణి కేసు నెం. 1 లో నాలుగవ గడి, అనగా తల్లి అభిప్రాయము, పూరింపబడలేదు. ఏ గడినీ ఖాళీగా వదలరాదు. కావున సదరు కేసును తల్లి అభిప్రాయం నిమిత్తం, అసలు ప్రతితో సహా, వచ్చిన చోటికే తిప్పి పంపవలసియున్నది. అట్లు తిప్పి పంపిన కేసు ఈ నెల లెక్కలో ‘పరిష్కరింపబడినది’గా చూపబడును.

నూకరత్నం ఆ కాగితాన్ని మరో ముప్పై కాగితాల మధ్య పెట్టి లోపలికి తీసుకెళ్ళింది. భానోజీరావు గారు ఫోన్లో మాట్లాడుతూ సంతకాలు చేసుకుపోతున్నారు. ఈ కాగితం దగ్గర కలం ఆగింది. గుమ్మం బయట ఉమాకాంతం గారి ఊపిరీ ఆగింది.

భానోజీరావు గారు ఆఖరి వాక్యం చదివారు. ఏ కాగితంలోనైనా ఆయన చదివేది అదొక్కటే.

"పరిష్కరింపబడినదిగా... అంటే పెండింగ్ సున్నా?"

"సున్నా సార్," అంది నూకరత్నం. "వచ్చినవి ఒకటి, పరిష్కరించినవి ఒకటి. నూటికి నూరు శాతం."

"జిల్లాలో ఇంకెవరికైనా నూరు ఉందా?"

"లేదు సార్."

ఆయన పచ్చ సిరాతో సంతకం చేసి, కింద గీత కూడా గీశారు.

పదకొండింటికి అటెండరు పటకారుతో బయలుదేరబోతే, పరిష్కారమైన కేసుకి బిళ్ళ వేయడం నిబంధనలకి విరుద్ధమని నూకరత్నం కూర్చోబెట్టింది.

పొద్దు వాలుతుండగా సింహాద్రి నిచ్చెన సరిచేశాడు. ఉమాకాంతం గారు పిల్లకి ఆఖరి ముక్క పట్టకారుతో తినిపించారు. మంకీ క్యాప్‌తో సహా అందించారు. సింహాద్రి ఎక్కి, కన్నంలో చేయి పెట్టి, "ఇంకో రెండు పిల్లలున్నాయి బాబూ! నన్నే సూత్తన్నాయి," అని అరిచాడు. క్యాప్ ఖాళీగా కిందికొచ్చింది. లోపల ఇంకా వెచ్చగా ఉంది. ఆయన అది నెత్తిన పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు.

వీధి దీపం వెలిగే వేళకి తల్లిగూబ నోట్లో చిన్న ఎలుకతో వచ్చి, గోడమీద వాలి, అటూ ఇటూ చూసి, కన్నంలో దూరింది. లోపల మూడు గొంతులు ఒకేసారి కీచుమన్నాయి. అందులో ఒకటి కొంచెం బలహీనంగా ఉంది. ఆ గొంతు ఏదో ఉమాకాంతం గారికి తెలుసు.

ఇంటికి వెళ్ళి, రోజూ పిల్ల బరువు రాసే పుస్తకం తెరిచారు. తారీకు వేశారు. బరువు దగ్గర ఏమీ రాయలేదు. ఖాళీ గడి వంక కాసేపు చూశారు. చిత్రంగా, బాగానే ఉంది.

*

కమిషనర్ గారు నూటికి నూరు శాతం చూసి, మెచ్చుకుని వెళ్ళిపోయాక, ఏప్రిల్‌లో శాఖనుంచి కాగితం వచ్చింది. తల్లి అభిప్రాయం నేటివరకూ అందలేదట. ఇది మొదటి జ్ఞాపిక, అంటే రిమైండరు. చిరునామా ‘గోడ కన్నము, పాత దాణా గోదాము’ అని ఉండడం వల్ల అటెండరు దాన్ని గోడకే, కన్నం కింద, జిగురుతో అంటించి పోయాడు. వారం తిరక్కుండా రెండో జ్ఞాపిక దాని పక్కన వెలిసింది. మూడోది కొంచెం కటువుగా ఉంది: ఏడు రోజులలోగా సమాధానం రానియెడల తల్లికి చెప్పుకొనునది ఏమియు లేదని భావించి తగు చర్య తీసుకొనబడును.

ఉమాకాంతం గారికి అన్నం సయించలేదు. పటకారు మళ్ళీ వస్తుందేమోనని రోజూ గేటు దగ్గరే కుర్చీ వేసుకు కూర్చున్నారు.

ఏడో రోజున నూకరత్నం విచారణకి వచ్చింది. మూడో జ్ఞాపికని గోడనుంచి జాగ్రత్తగా ఊడదీసింది. సరిగ్గా ‘అందినట్లు సంతకము, ముద్ర’ అన్న చోట, పైనుంచి పడిన తెల్లటి రెట్ట గుండ్రంగా ఎండిపోయి ఉంది.

ఆమె దాన్ని వెలుగుకి పట్టి చూసింది. ఉమాకాంతం గారి వంక చూసింది.

"ముద్ర స్పష్టంగానే ఉంది గురువుగారూ," అంది. "అభిప్రాయం కూడా."

ఫైలు మూసేశారు.

ఆ సాయంత్రం మూడు గూబపిల్లలు కన్నం అంచున వరసగా కూర్చున్నాయి. ఒకటి రెక్కలు టపటపలాడించి, ఎగిరి, ఎదురు వరండా పిట్టగోడ మీద వాలింది. తల పక్కకి వంచి, రెండు కళ్ళూ పూర్తిగా తెరిచి ఉమాకాంతం గారి వంక చూసి, వెళ్ళిపోయింది. అది అదేనో కాదో ఆయన చెప్పలేరు. బిళ్ళ లేదు కదా.

పోలమ్మ బొగ్గులు ఆర్పుతూ, "మొదటి రోజే సెప్పాను గదా బాబూ," అంది. "అయిదు నిమిసాల పని. తీసిన సోటే పెట్టెయ్యండీ అని."

"చెప్పావు పోలమ్మా. నువ్వు చెప్పిందే సరైన పద్ధతి."

అది కాస్త రాసి ఇస్తావా అనబోయి, ఆయన నోరు మూసుకున్నారు.